ప్లాస్టిక్ మడి

పల్నాడు వెళ్ళేవాళ్ళు ఎత్తిపోతల చూడ్డానికి వెళ్తారు, కోటప్పకొండ ఎక్కడానికి వెళ్తారు, మాచర్ల గుళ్ళో మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. నేను రక్తం అడగడానికి వెళ్ళాను. కత్తులు దూసిన కథల్ని ఇప్పటికీ పాటలుగా పాడుకునే సీమలో "కాస్త రక్తం ఇస్తారా అండీ" అని మర్యాదగా అడిగిన మొదటి మనిషిని బహుశా నేనే అయ్యుంటాను.

తమాషా ఏమిటంటే, నేను అడగలేని మనిషిని. ఆటోలో నేను దిగాల్సిన చోటు దాటిపోతున్నా ఆపమని అనలేక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, అక్కడినుంచి వెనక్కి నడిచి వచ్చే రకం. మాటలన్నీ డైరీలోనే. మాది కోనసీమ. చదువు గుంటూరులో, ఒక ప్రయోగశాలలో.

అక్కడ మేము చేసే పని ఒక్క ముక్కలో చెబుతాను. మన ఒంట్లో హార్మోన్లు కబుర్లు మోస్తాయి: ఎదగమని, ఆకలి వేయమని, పడుకోమని. కొన్ని ప్లాస్టిక్కుల్లోంచి, కొన్ని పురుగుమందుల్లోంచి ఊడివచ్చే రసాయనాలు ఆ కబుర్ల వేషం వేసుకుని ఒంట్లో తిరుగుతాయి. రక్తంలో జబ్బులతో పోరాడే తెల్ల కణాలకు కూడా హార్మోన్ల మాట వినే చెవులున్నాయి. మరి దొంగ కబురు చెవిన పడితే అవి ఏం చేస్తాయి? ఉత్తపుణ్యానికి రెచ్చిపోతాయా, తీరా అవసరం వచ్చినప్పుడు కునుకు తీస్తాయా? గాజు పళ్ళెంలో కనిపించేది ఒకటి, ఊళ్ళో తిరిగే మనిషి రక్తంలో జరిగేది ఇంకొకటి కావచ్చు. అందుకే మనుషుల దగ్గరికి వెళ్ళాలన్నారు మా గైడ్ గారు.

గురజాల దగ్గర ఒక ఊళ్ళో, ఒక వీధివాళ్ళు ఒప్పుకున్నారు. (ఊరి పేరు రాయకూడదు, మనుషుల పేర్లు మార్చాలి. అది మా నియమం.) రెండుసార్లు రక్తం తీయాలి. మొదటిది వాళ్ళు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉన్నప్పుడు. రెండోది మూడు రోజులు ప్లాస్టిక్ ముట్టకుండా ఉన్నాక. ఈ పని చేస్తానని మా సీనియర్ ఒకాయన ముందే చెయ్యెత్తాడు. రాయిని పలకరించి దాని కులగోత్రాలు రాబట్టగల మనిషి ఆయన. ఆలోచన నాది కాబట్టి గైడ్ గారు నన్నే పంపారు, కానీ ఒక మాట అన్నారు. రక్తం అనుకున్న రోజుకి, అనుకున్న తీరుగా, కణాలు బతికుండగా రావాలి. లేకపోతే ఇక ముందు పని ఆ సీనియర్ చేతికి వెళ్తుంది.

నా ఆలోచన ఆయన నోట్లో పడి, ఆయన సొంతమైపోతుందన్న భయంతో నేను బస్సెక్కాను.

నరసరావుపేట: ముడివేసిన టీ

నా సంచిలో అంతా గాజు. రక్తానికి గాజు గొట్టాలు, పొద్దుటి మూత్రానికి వెడల్పు మూతి గాజు సీసాలు. ప్లాస్టిక్ జాడ వెతికే పనికి ప్లాస్టిక్ డబ్బా తీసుకెళ్తే దొంగని పట్టుకోవడానికి దొంగనే కాపలా పెట్టినట్టు. అమ్మ పాత చీరలు చింపి ఒక్కో సీసాకీ చుట్టాను. బస్సు ఎగిరిన ప్రతిసారీ నా గుండె, ఆ సీసాలు ఒకేసారి గలగలమన్నాయి.

నరసరావుపేటలో ఝాన్సీ అక్క కలిసింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రక్తం తీయడానికి ఒక పొద్దుటిపూట మా కోసం వస్తానంది. నన్ను చూడగానే ముందు టిఫిన్ తినమంది. బస్టాండు పక్కన ఇడ్లీ, నెయ్యి, కారప్పొడి, ముప్పై రూపాయలు. స్టీలు పళ్ళెం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద పొగలు కక్కే ఇడ్లీ పెడుతున్నారు. పళ్ళెం కడిగే పని తప్పుతుందట. నాకు కాగితం వద్దని చెప్పాలి. చెప్పాలనుకుంటూ ఉండగా రెండు పళ్ళేలు నా ముందునుంచి వెళ్ళిపోయాయి.

"ఒరేయ్, ఈ పిల్లకి కవరు లేకుండా పెట్టు," అని ఝాన్సీ అక్క కేకేసి, నా వైపు తిరిగింది. "నోరు తెరువమ్మే. పల్నాట్లో నోరు తెరవకపోతే ఇడ్లీ కూడా రాదు."

మా వైపు ఇడ్లీ అడిగే మాటలో రెండు "అండి"లు, ఇచ్చే మాటలో ఒక "ఆయ్" ఉంటాయి. ఇక్కడ అవన్నీ మిగుల్చుకుని ఆ బరువంతా కారంలో వేశారు. మొదటి ముద్దకే కళ్ళు, ముక్కు, చెవులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. నోరు మాత్రం మూసుకుంది.

పక్కన టీ కొట్టు. పార్సిల్ టీ అడిగినవాళ్ళకి మరుగుతున్న టీని పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండుతో చిటికెలో ముడి వేసి ఇస్తున్నాడు. ఒకాయన ఆ కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని, తిరణాలలో కొన్న రంగు చేపపిల్లని తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా రోడ్డు దాటాడు. పుస్తకాల్లో ఇన్నాళ్ళుగా చదువుతున్న నా శత్రువుని అంత దగ్గరగా, అంత అందంగా ముడివేసి ఉండగా చూడటం అదే మొదటిసారి.

గురజాల బస్సులో ఇంకో చిన్న అవమానం. మిషన్‌లోంచి వచ్చే మెరుపు కాగితాల మీద తరచూ మా జాబితాలో ఉన్న రసాయనం పూత ఉంటుంది. అలవాటు కొద్దీ టిక్కెట్టుని అంచు పట్టుకుని, రుమాల్లో పెట్టుకున్నాను. కండక్టరు కాసేపు నన్నే చూసి, కరుస్తుందా అమ్మా అని అడిగాడు. నేను తల ఊపాను. నేను దిగేదాకా మిగతా ప్రయాణికుల టిక్కెట్లు కూడా దూరంనుంచే చింపాడు.

ఊరు: వీధంతా ఇత్తడి

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఎర్రటి నేల మీద ఇంకా ఎర్రటి నేల. బస్సు కిటికీ తీస్తే తుమ్ము, మూస్తే ఉక్క. ఏప్రిల్ మొదలు కూడా కాలేదు, గాలి అప్పుడే పెనం మీదనుంచి వస్తున్నట్టుంది.

నాకు ఆతిథ్యం ఇచ్చింది కోటేశ్వరమ్మ పిన్ని. మా ల్యాబులో నాతో చదివే అమ్మాయికి సొంత పిన్ని, ఆ వరసన నాకూ పిన్నే. ఆమె మిరప పొలం చూసుకుంటుంది. భర్త వెంకటేశ్వర్లు బాబాయి నాపరాళ్ళ క్వారీలో లారీ నడుపుతాడు. పిన్ని వీధి మొదట్లోనే ఎదురొచ్చి, నా సంచి లాక్కుని, వీధి మధ్యలో నడిపించుకుంటూ తీసుకెళ్ళింది.

వీధి ధగధగలాడుతోంది. ప్రతి గుమ్మం ముందూ చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలు. అరుగుల మీద రాగి చెంబులు. ఒక ముసలాయన కంచు గ్లాసులో మజ్జిగ తాగుతున్నాడు. నేల మీద ఒక్క కవరు ముక్క లేదు. ఆహా, ఎంత చక్కని ఊరు అనుకున్నాను. నాలుగడుగులు వేశాక, ఇది మరీ ఎక్కువ చక్కగా ఉందనిపించింది.

"ఎట్టా ఉంది మా ఈధి?" అంది పిన్ని. "మీరొచ్చి ప్లాస్టిక్ చూస్తారంటగా. ఒక్క కవరు దొరికితే నా పేరు మార్చుకుంటా. నిన్న పొద్దున్నించీ ఈధంతా మడి."

జరిగింది ఇది. మా ల్యాబు అమ్మాయి ఫోన్లో ప్లాస్టిక్ పరీక్ష అంది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఏం చేస్తారో వీళ్ళూ అదే చేశారు. మా ఇంట్లో అయినా అంతే కదా, ఎవరైనా వస్తున్నారంటే మాసిన దుప్పట్లు మంచం కిందికి వెళ్తాయి. కాకపోతే మేము దాచి ఊరుకుంటాం, పల్నాడువాళ్ళు దాచి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఎక్కడ దాచారో కూడా చూపిస్తారు. పిన్ని నన్ను డాబా మీదికి తీసుకెళ్ళింది. ఎర్ర బిందెలు, పచ్చ బకెట్లు, నీలం కుర్చీలు, మూతల్లేని డబ్బాలు, కవర్లు కుక్కిన కవర్లు. వీధి వీధంతటి ప్లాస్టిక్ అక్కడ పరదా కప్పుకుని, పెళ్ళిచూపుల నాడు పెరట్లోకి తోసేసిన అల్లరి పిల్లల్లా నిలబడి ఉంది.

అంటే వీళ్ళ మామూలు రక్తం నాకు ఇక దొరకదు. నేను ముందు తీయాల్సింది మామూలుది. వాళ్ళు నాకోసం అతి శుభ్రమైనది సిద్ధం చేసి పెట్టారు.

ఫోను సిగ్నలు డాబా మీద తప్ప లేదు. దాచిన కుర్చీల్లో ఒకటి లాగి, దాని మీదే కూర్చుని గైడ్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, కణాలు లెక్కపెట్టే యంత్రం ఎల్లుండికి మనకి దొరికింది, పోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు అన్నారు. ఆ తర్వాత మామూలుగా, దాదాపు ప్రేమగా, నువ్వు వచ్చెయ్, తర్వాత సీనియర్‌ని పంపుదాం అన్నారు.

ఆ మాట నా నోరు తెరిచింది.

"వరస మార్చుదాం సార్," అన్నాను. "వీళ్ళు మొదలుపెట్టేశారు. ఎల్లుండి పొద్దుటికి మూడు రోజులవుతుంది. ఇప్పుడు మడి రక్తం తీసుకుందాం. మామూలుది రెండోసారి తీసుకుందాం."

అది ఆయనతో నేను మాట్లాడిన అతి పొడవైన మాట. అనుమతుల్లో ఏది ముందైనా పర్వాలేదని రాసుకున్నట్టు ఆయనకి గుర్తొచ్చింది. సరే అన్నారు. కానీ మడి ఎల్లుండిదాకా నిలబడాలి, ఆ సంగతి నువ్వే నిలబడి వాళ్ళకి చెప్పాలి, చెప్పగలవా అని అడిగారు.

చెప్పాను. అరుగెక్కి, స్తంభం పట్టుకుని, నా కాళ్ళవైపు చూస్తూ చెప్పాను. మీరు చేసింది తప్పు కాదండీ, కాకపోతే తర్వాత చేయాల్సింది ముందు చేశారండీ అన్నాను. ఎదురింటి అంజమ్మత్త అప్పుడు నోరు విప్పింది. ఆమెకూ కోటేశ్వరమ్మ పిన్నికీ ఏళ్ళ తరబడి పోటీ. ముగ్గు దగ్గరనుంచి మిరప దిగుబడి దాకా.

"అంటే ఏంది, పెళ్ళి కాకముందే సీమంతం చేసేశామా?"

"అంతేనండీ."

"అయితే ఇంకేం చేస్తాం. నీళ్ళాడిందాకా కాచుకోవాల్సిందే."

వీధంతా నవ్వింది. మడి ఎల్లుండి దాకా పొడిగించినట్టు, అంజమ్మత్త నవ్వే తీర్మానం.

మాచర్ల: కవరొద్దన్న బేరం

మర్నాడు పిన్ని నన్ను మాచర్ల తీసుకెళ్ళింది. కాపలా కాయవలసిన మనిషిని నేను. కానీ పిన్ని ఎక్కడుంటే మడి అక్కడే ఉంటుందని నాకు అర్థమైంది, అందుకే వెంట వెళ్ళాను.

చెన్నకేశవుడి గుడిలో చల్లటి రాతి నేల మీద కాసేపు కూర్చున్నాం. చాపకూడు సంగతి పిన్ని చెప్పింది. కులం చూడకుండా చాపల మీద అందరికీ ఒక్కచోటే అన్నం పెట్టే ఆచారం ఈ సీమది. అప్పుడు ఆకులే కదా, కవర్లు యాడున్నయ్ అని కూడా అంది. ఆమె బుర్రలో పల్నాటి చరిత్ర మొత్తం నిన్నటినుంచి రెండే భాగాలు: కవర్లకు ముందు, కవర్ల తర్వాత.

బజార్లో స్టీలు గ్లాసులు కొంది. కొట్టువాడు చేతి అలవాటుగా నల్ల కవరు ఊడలాగాడు. పిన్ని వెనక్కి జరిగిన తీరు చూసి అతను కవర్లోకి తొంగి చూశాడు, లోపల ఏమైనా పాకుతోందేమోనని.

"మేం మడిలో ఉన్నాం," అంది పిన్ని.

"ఏం మడి పిన్నీ? అయ్యప్పా, భవానీయా?"

"ప్లాస్టిక్కు."

అతను రెండు చేతులూ జోడించాడు. గ్లాసులు కొంగులో మూటకట్టుకుని వచ్చాం. మధ్యాహ్నం విస్తరాకులో భోజనం, తొంభై రూపాయలు. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, ముద్దపప్పు. మా ఇంట్లో గోంగూరలో చిటికెడు బెల్లం వేస్తామని నేను నోరు జారాను. వడ్డించే ఆవిడ గరిటె ఆపి, వేసింది ఎవరు, ఎందుకు అని విచారించింది. కోనసీమ గౌరవం కోసం నేను మూడోసారి కూడా పచ్చడి వేయించుకున్నాను. ఆ తర్వాత ఒక గంటసేపు నా చెవులకి ఏదీ సరిగ్గా వినిపించలేదు.

తిరిగి వచ్చేసరికి వీధిలో పంచాయితీ. అరుగు మీద అంజమ్మత్త, కింద మెట్టు మీద తలవంచుకుని వెంకటేశ్వర్లు బాబాయి.

"కోటేశ్వరమ్మా, నీకు చెప్పక తప్పదు," అంది అంజమ్మత్త, చెప్పక తప్పినా చెప్పేదానిలా. "మీ ఆయన క్వారీ కాడ కవర్ టీ తాగాడంట. చూసినోళ్ళు చెప్పారు."

పరాయి ఆడదానితో కనిపించాడన్నా వీధి అంత నిశ్శబ్దంగా ఉండేది కాదేమో. పిన్ని గ్లాసుల మూట కింద పెట్టి, ఆయన దగ్గరికి వెళ్ళి, నోటి వాసన చూసింది.

"తాగలా," అన్నాడు బాబాయి. "డ్రైవర్లకి తెచ్చిచ్చా. చేత్తో పట్టుకున్నా, అంతే." అందరూ చూస్తున్నారు. ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. పట్టుకుంటే ఎక్కుద్దా?"

నా రుమాల్లో బస్సు టిక్కెట్టు గుర్తొచ్చింది. పట్టుకుంటే కూడా కొంత ఎక్కవచ్చని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే ఆయన మొహమే చెప్పేసింది.

"ఒక్క గుక్క," అన్నాడు. "చల్లారిపోద్దనీ..."

ఆయన్ని జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. నా మొదటి శాస్త్రీయ నిర్ణయం ఒక కాపురంలో చిచ్చు పెట్టింది. భోజనాల వేళ పిన్ని నిదానంగా డాబా ఎక్కి, పరదా కింద వెతికి, ఒక పచ్చ ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చి, మాకందరికీ స్టీలు కంచాల్లో వడ్డించి, ఆయనకి మాత్రం అందులో వడ్డించింది. మడి చెడ్డవాడి కంచం. ఆయన బుద్ధిగా తిన్నాడు. సగంలో నాకు కన్ను గీటాడు కూడా. సూది తప్పినందుకు ఆయనకి లోలోపల సంతోషమేనని నా అనుమానం.

గురజాల: బతికున్న పెట్టె

రక్తం తీసే ముందురోజు సాయంత్రమే గాజు సీసాలు పంచాను. పొద్దున లేవగానే మొదటిది ఇందులో అన్న మాటని సీసా మూతల వైపు చూస్తూ చెప్పాను. అంజమ్మత్త సీసా వెలుగులో తిప్పి చూసి, ఇంత మంచి సీసాలో ఉచ్చ పోయమంటావేందే, ఆవకాయ పెట్టుకోక అంది. నా దగ్గర ఒకటి ఎక్కువే ఉంటే, పగిలితే పనికొస్తుందని పిన్ని దగ్గర ఉంచాను, పొద్దున తిరిగి ఇచ్చేయమన్నాను.

ఝాన్సీ అక్క మొదటి బస్సుకే దిగింది. మగవాళ్ళు ఒక్కొక్కరూ ఆవులు చూసి రావాలని, మోటారు కట్టి రావాలని గుర్తుతెచ్చుకున్నారు. ఆడవాళ్ళు చేతులు చాచి కూర్చున్నారు. నేను ఒప్పుదల కాగితం చదివి వినిపించి, గొట్టాల మీదా, వాళ్ళు తెచ్చిన సీసాల మీదా పేర్లకి బదులు గుర్తులు రాశాను. అంజమ్మత్త తన గొట్టం, పిన్ని గొట్టం పక్కపక్కన పట్టించి చూసింది.

"ఎవరిది గట్టి రక్తం?"

అలా కంటికి కనపడదండీ అన్నాను. తెలిశాక చెప్తావా అంది. చెప్పకూడదండీ అన్నాను. "అట్టయితే నాదేలే," అని లేచి వెళ్ళింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. కణాలు బతకాలంటే రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మంచు తగలనివ్వకూడదు, గది వేడిలో ఉంచి కొద్ది గంటల్లో గుంటూరు చేర్చాలి. ఆ నియమం రాసినవాళ్ళు ఎండకి పేరుపడ్డ రెంటచింతల పక్క ఊళ్ళో గది ఎలా ఉంటుందో చూడలేదు. పది కొట్టేసరికి మా గదిలో కొవ్వొత్తి వంగింది. పిన్ని తన ఫ్రిజ్‌లో పాలు తీసి చోటు చేసింది. వద్దంటే, ఇంకొకరు ఐస్‌ఫ్రూట్ బండిని ఆపారు. ఒక్కొక్కరికీ వద్దని చెప్పడంలోనే నా ఏడాది మాటలు ఖర్చయ్యాయి. చివరికి మందపాటి పెట్టెలో తడిపి పిండిన తువ్వాళ్ళ మధ్య గొట్టాల్ని నిలబెట్టి, థర్మామీటరు పెట్టి, మూత వేశాను.

వెళ్ళేముందు ఇంకో మాట చెప్పాలి. రెండోసారి మామూలు రక్తం కావాలి కాబట్టి, ఇక మీరు ఎప్పటిలాగే ఉండండి అని. చెప్పాను.

పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పటిలాగంటే ఏంది? ఇంత కష్టపడి మడి కడితే మళ్ళీ చెడిపొమ్మంటావా? కుదర్దు. మేం ఇట్టాగే ఉంటాం. ఏం అంజమ్మా?"

ఏళ్ళలో మొదటిసారి అంజమ్మత్త ఆమెతో ఏకీభవించింది.

వీళ్ళు ఇలాగే ఉంటే నా పరిశోధనకి రెండో కాలు లేదు. కానీ బాగుపడ్డవాళ్ళని కవర్లో టీ తాగమని, వేడి సాంబారు ప్లాస్టిక్‌లో పోసుకోమని ఏ మొహంతో బతిమాలను? పిన్ని ఒక కాగితం పొట్లం నా సంచిలో కుక్కుతూ, నీ సీసా అంది. నేను పెట్టె ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, ఎండ కూడా అటే ఉంది. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని నా పైటతో కప్పాను. పక్కన కూర్చున్న పెద్దాయన ఏముందమ్మా అందులో అని అడిగాడు. అబద్ధం నాకు రాదు, నిజం ఆ బస్సులో చెప్పలేను.

"బతికున్నవి," అన్నాను.

అంతే. ఆయన వెనక్కి తిరిగి ఆ మాట వెనక సీటుకి అందించాడు. కోడిపిల్లలని ఒకరు, కాదు జాతి కోడి గుడ్లు పొదిగినవని ఒకరు. గాలి ఆడకపోతే చచ్చిపోతాయని, మూతకి బొక్కలు పెట్టమని ఒక ఆవిడ తల్లో సూది తీసి ఇచ్చింది. వద్దని చెప్పాను. ఎండ తగలకూడదు, చల్లగానూ ఉండకూడదు అని కూడా చెప్పాను. అలాంటి వాటిని పెంచడం కష్టమని అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయన నన్ను లేపి నీడ వైపు సీట్లో కూర్చోబెట్టాడు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగలో బస్సు మలుపు తిరగ్గానే ఎండ ఇటు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే అటువైపు ఒకాయన లేచి, రా తల్లీ అన్నాడు. సత్తెనపల్లి చేరేలోపు నేను, నా పెట్టె బస్సులో సగం సీట్లు తిరిగాం. దిగేవాళ్ళు దిగుతూ మూత మీద ఒకసారి చెయ్యేసి, జాగ్రత్త అని చెప్పి దిగారు, నాకో, లోపలివాటికో.

గుంటూరు: సీసా మూతి

ల్యాబులో కణాలు విడదీసి, ఒక చుక్కలో నీలం రంగు కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. చచ్చిన కణం ఆ నీలాన్ని తాగుతుంది. బతికున్నది తాగదు. కన్ను పెట్టడానికి ముందు కాసేపు కళ్ళు మూసుకున్నాను.

చుక్కంతా తెల్లగా, గుండ్రంగా, మెరుస్తూ. నీలం అక్కడొకటి, ఇక్కడొకటి. పిన్నివి, అంజమ్మత్తవి, అందరివీ బతికే వచ్చాయి. ఎవరివి గట్టివో గుర్తులు చూస్తే నాకు తెలిసిపోతుంది కాబట్టి చూడలేదు. గైడ్ గారు కూడా చూసి, యంత్రం సిద్ధం చేయమన్నారు. సీనియర్ అటుగా వచ్చి, మొత్తానికి మాట్లాడావన్నమాట అన్నాడు. బస్సంతా మాట్లాడాను అని చెప్పాను.

కానీ నా మనసంతా రెండో రక్తం మీదే ఉంది. గైడ్ గారు, వాళ్ళు మళ్ళీ మామూలుగా ఉంటారా అని అడిగితే ఏం చెప్పాలి? ఆయన అడిగారు. నేను జవాబు వెతుకుతూ, చేతులు ఖాళీగా ఉండకూడదని సంచి సర్దుతూ, పిన్ని ఇచ్చిన పొట్లం విప్పాను.

లోపల ఎర్రగా ఉంది. ఒక్క క్షణం గొట్టం పగిలి రక్తం కారిందనుకున్నాను. వాసన వచ్చాక తెలిసింది. పండుమిరపకాయ పచ్చడి, గొంతుదాకా నిండుగా. నేను తిరిగి ఇమ్మన్న ఎక్కువ సీసా. మూత తిప్పితే రాలేదు. గట్టిగా తిప్పాను. మూత కింద, సీసా మూతిని బిగించి, నూనె కారకుండా ముడతలు ముడతలుగా మడిచి కట్టిన తెల్లటి ప్లాస్టిక్ కవరు.

మేం ఇట్టాగే ఉంటాం అని నడుం మీద పెట్టుకున్న చెయ్యే ఈ కవరు కట్టింది. పొట్లం అప్పుడే నా సంచిలో పడింది కాబట్టి, ఆ మాట అనకముందే కట్టేసి ఉండాలి.

అయినా ఒక సందేహం ఉంది కాబట్టి పిన్నికి ఫోన్ చేశాను. సీసా గురించి, అంటే ఆ సీసా, అంటూ నసిగాను.

"ఏమే, ఆ మాత్రం తెలవదా? అది వాడని సీసానేలే," అంది పిన్ని. "ఖాళీ సీసా చేతికిచ్చి ఆడపిల్లని ఎట్టా పంపుతారే. నూనె కారలేదుగా? మూత కింద కవరేశా."

"చుక్క కారలేదు పిన్నీ."

"చూశావా మరి," అంది, గెలిచినట్టు. వెనక బాబాయి గొంతు ఏదో అడుగుతోంది. ఏ కంచంలో తింటున్నాడో నేను అడగలేదు.

ఫోను పెట్టేసి గైడ్ గారితో, రెండో రక్తానికి భయం లేదు సార్, మామూలు రోజులు మొదలయ్యాయి అని చెప్పాను. తర్వాత హాస్టలుకి వెళ్ళి, వేడి అన్నం పెట్టుకుని, ఆ కవరు జాగ్రత్తగా విప్పాను. దాని అంచుకి బోలెడు పచ్చడి అంటుకుని ఉంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, వేలితో తీసుకుని నాకేశాను.